కిటికీ భయము

కాబూలు నేలుచున్న తాలిబాను ప్రభువుల ధర్మనిష్ఠ దినదినప్రవర్ధమానమగుచున్నది. 2021 ఆగస్టులో గద్దెనెక్కినది మొదలు బాలికలకు ఆరవ తరగతి దాటిన చదువును, 2022లో స్త్రీలకు ఉద్యానవనములను, విశ్వవిద్యాలయములను నిషేధించి, మరుసటి యేడు బ్యూటీ పార్లర్లు మూయించి, 2024 ఆగస్టు శాసనమున స్త్రీ కంఠస్వరము సైతము దాచవలసిన వస్తువేయని నిర్ణయించి, అంతటితో తృప్తినొందక, పొరుగింటి వంటగదియు నూతిదరియు కనబడునట్లు కొత్త యిండ్లకు కిటికీలు పెట్టరాదని ఆ డిసెంబరులో ఆజ్ఞాపించిరి. చూచువాని కన్ను చెదరునని గోడకు శిక్ష! (కన్నులకు గంతలు కట్టుకొనుట చౌకయని వారికెవరును చెప్పినట్లు లేదు.) అదే మాసమున స్త్రీలకు మంత్రసాని శిక్షణను, నర్సు చదువును కూడ మాన్పించిరి, రేపు తమ యిల్లాండ్రకు పురుడు పోయునదెవరో ఆ ప్రభువులే సెలవియ్యవలెను.