బావగారి మైలేజీ దొంగలు

మీ బంధువర్గంలోనూ ఇలాంటివాళ్లు ఒకరు ఉండే ఉంటారు. ఏ పెళ్లిలో ఎదురుపడ్డా పిల్లల చదువుల సంగతి తర్వాత, ముందు "బండి ఎంతిస్తోంది?" అని అడుగుతారు. మా ఇంట్లో ఆ పీఠం మా అక్క భర్తది. గుంటూరులో స్కూటరున్న రోజుల్లో శంకర్‌విలాస్ బ్రిడ్జి పైకెక్కగానే ఇంజను ఆపేసి, దిగే ఊపులో బండి ఎంత దూరం వెళ్తే అంత దూరం వెళ్లేవారు. ఆ ఊపు ఎక్కడ ఆగితే ఆ రోజు కూరగాయలు అక్కడే కొనేవారని మా అక్క చెబుతుంది.

అలాంటి మనిషి అమెరికా వచ్చి, అంత పెద్ద దేశంలో ఏరికోరి మినియాపొలిస్ శివార్లలో స్థిరపడ్డారు. జనవరి రాత్రుల్లో సున్నాకి పది పదిహేను డిగ్రీలు కిందకి దిగే ఊరది. ఆయన కారు గ్లవ్‌బాక్సులో ఒక నోట్‌బుక్కు, దానికి రబ్బరుబ్యాండు, ఆ రబ్బరుబ్యాండులో ఒక పెన్ను ఉంటాయి. పెట్రోలు పోసుకున్న ప్రతిసారీ తేదీ, గ్యాలన్లు, ఓడోమీటరు రీడింగు రాసుకుని, ఆ పక్కనే భాగహారం చేస్తారు. కారే లెక్క చూపిస్తుంది కదా అంటే "అది దాని లెక్క, ఇది నా లెక్క" అంటారు. వేసవిలో గ్యాలనుకి 30 మైళ్లు వచ్చిన పేజీలు ఇంటికొచ్చిన వాళ్లకి చూపించి, లీటరుకి పన్నెండు కిలోమీటర్ల పైమాటేనని మన లెక్కలోకి మార్చి మరీ మురిసిపోతారు.

డిసెంబరు రాగానే ఆ 30 కాస్తా 25కి దిగుతుంది. ఇక బావగారు డిటెక్టివు. ఒక ఏడాది బంకువాడు నీళ్లు కలిపాడన్నారు. మరో ఏడాది ఆయిలు మార్చిన కుర్రాడి చెయ్యి మంచిది కాదన్నారు. ఇంకో ఏడాది బరువు ఎక్కువైందని డిక్కీలోంచి జాకీ, గొడుగు, అక్క యోగా చాప తీసి గ్యారేజీలో పడేశారు. అక్క హ్యాండ్‌బ్యాగుని కూడా అనుమానంగా ఓసారి ఎత్తి చూశారు. ఆ తర్వాతి ఏడు నేను దొరికాను. నా కారు షెడ్డులో ఉంటే కొన్నాళ్లు ఆయన కారు వాడుకున్నాను. నోట్‌బుక్కులో ఆ నెల 25 పక్కన బ్రాకెట్లో నా పేరు ఎక్కింది. సత్యనారాయణ వ్రతానికి వచ్చినవాళ్లందరికీ ప్రసాదంతో పాటు "మావాడు ఆక్సిలరేటరు తొక్కే తొక్కుడుకి..." అన్న కథ కూడా అందింది.

ఇది నా బెయిలు పిటిషను.

అసలు ముద్దాయి చలి. ఊళ్లో తిరిగే పెట్రోలు కారు 77 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన 25 డిగ్రీల్లో ఇచ్చే మైలేజీ కంటే 20 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మైనస్ 7లో, సుమారు 15 శాతం తక్కువిస్తుందని అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. మూడు నాలుగు మైళ్ల చిల్లర ప్రయాణాలకైతే ఆ కోత 24 శాతం దాకా పోవచ్చు. 30లోంచి 15 శాతం తీసేస్తే ఎంతో మీరే చూసుకోండి. నా కాలికి అందులో వాటా లేదు.

ఈ మాట బావగారికి చెప్పలేదనుకోకండి. "చలికి ఇంజను ఆయిలు చిక్కబడుతుంది బావగారూ, ఆ జిగటతో పెనుగులాడటానికే కొంత పెట్రోలు పోతుంది" అన్నాను. "మనది సింథటిక్" అన్నారు. "చల్లటి ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, అందుకని వేడెక్కేదాకా కంప్యూటరు కాస్త ఎక్కువ పోస్తుంది" అన్నాను. "దాన్నెవరు పొయ్యమన్నారు?" అన్నారు. "ఈ చలిలో గాలి వేసవి గాలికంటే పది శాతం పైనే చిక్కగా ఉంటుంది, హైవే మీద దాన్ని తోసుకుంటూ పోవాలి" అన్నప్పుడు మాత్రం ఒక్క క్షణం తగ్గారు. ఎప్పుడో ఎల్లోస్టోన్ వెళ్లినప్పుడు కారు నెత్తిన బిగించిన సామాన్ల పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది మరి.

ఆ ఊపులో నోరు జారాను. చలిలో కారు తేలిగ్గా స్టార్టు కావాలని శీతాకాలం పెట్రోలులో బ్యూటేన్ ఎక్కువ కలుపుతారనీ, దానివల్ల గ్యాలనులో శక్తి కొద్దిగా తగ్గుతుందనీ చెప్పేశాను. బావగారు కుర్చీలోంచి లేచారు. "చూశావటే, కలుపుతున్నారని నేను ముందే చెప్పలేదూ!" అని వంటింట్లోకి కేకేశారు.

ఇంతకీ ఈ డిటెక్టివు కంటికి ఆనని దొంగ ఒకడున్నాడు. ఒకప్పుడు బ్రిడ్జి మీద ఇంజను ఆపేసిన ఈయనే ఇప్పుడు పొద్దున్నే కిటికీలోంచి రిమోటు నొక్కుతారు. పూజ, కాఫీ, ఇండియాకి ఫోను అయ్యేదాకా బయట కారు నడుస్తూనే ఉంటుంది. ఆ సేపు గ్యాలనుకి వచ్చేది సున్నా మైళ్లు. ఈ కాలపు కారుకి అర నిమిషం చాలు, ఆ తర్వాత మెల్లగా నడుపుతుంటే అదే త్వరగా వేడెక్కుతుంది. ఈ పెట్రోలు ఏ పద్దు కింద రాస్తారని అడిగితే "అది మైలేజీ కాదోయ్, ఆరోగ్యం" అన్నారు. కరివేపాకు కోసం ఒకసారి, ఇంజను మళ్లీ చల్లారాక పాల కోసం ఇంకోసారి వెళ్లడం కూడా ఆరోగ్యం పద్దులోకే వస్తుంది కాబోలు.

ఏప్రిల్ రాగానే మైలేజీ దానంతటదే కోలుకుంటుంది. కానీ ఆ ఘనత ఆయన చివరిసారి చేసిన వైద్యానిది. బంకు మార్చిన ఏడు బంకు మార్చడం వల్ల, జాకీ తీసిన ఏడు జాకీ తీయడం వల్ల, నాకు తాళం ఇవ్వడం మానేసిన ఏడు అందువల్ల. ఆయన దగ్గర రుజువైన మందులు ఇన్ని ఉన్నాయి. అన్నిటికీ గుణం కనిపించేది వసంతంలోనే.

అయినా ఆయన మీద కోపం నిలవదు. ఓ తెల్లవారుజామున నా కారు బ్యాటరీ చచ్చిపోతే, పైజమా మీదే పెద్ద కోటు వేసుకుని జంపర్ కేబుళ్లతో వచ్చారు. అక్టోబరు వస్తే అడగకుండానే మా టైర్లలో గాలి చూసి వెళ్తారు. ప్రతి పది ఫారెన్‌హీట్ డిగ్రీల చలికీ టైరులో దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుందని నాకు చెప్పింది ఆయనే. ఇక ఎలక్ట్రిక్ కారు కొన్న మేనల్లుడు హీటరు వేస్తే రేంజి ఏకంగా నలభై శాతం పడిపోతోందని గోల పెట్టిన రోజున, ఆయన ఎంత ప్రేమగా ఓదార్చారో చెప్పలేను. అంత ఆనందంగా ఎవరినైనా ఓదార్చగా నేను చూడలేదు. మా ఆవిడ ఈ మధ్య నా ఫోనులోనూ ఒక మైలేజీ పట్టిక చూసింది. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

చలిదేశాల్లో ఉన్న మనవాళ్లకి నేను చెప్పేదొక్కటే. చిన్న చిన్న పనులన్నీ ఒకే ప్రయాణంలో ముగించండి, టైర్లలో గాలి చూసుకోండి, నెత్తిన పెట్టె ఉంటే దింపేయండి, రిమోటు సరదా తగ్గించుకోండి. అప్పటికీ మిగిలే కోత చలికి కట్టే పన్ను, దానికి ఇంట్లోవాళ్లని అనుమానించకండి. మీ ఇంట్లోనూ ఇలాంటి బావగారుంటే ఈ వ్యాసం జనవరిలో చూపించకండి, ఏప్రిల్ దాకా ఆగండి. జనవరిలో ఆయన కారణం వినరు, మనిషిని వెతుకుతుంటారు.