ఒక్కసారే పూస్తాను

సాలూరు దాటి ఒడిశా వైపు ఎక్కే ఘాట్ రోడ్డుకు పైన, వేగావతిలో కలిసే ఓ గెడ్డ ఒడ్డున ఉన్న జీలుగు చెట్టును నేను. మొలిచింది విజయనగరం జిల్లాలో. 2022 ఏప్రిల్‌లో నిల్చున్నచోటే పార్వతీపురం మన్యం జిల్లా చెట్టునయ్యాను.

కింద పల్లంలోని తాటి, గట్ల మీది ఈత నాకు చుట్టాలే. ఈ కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 2,600 దాకా జాతులున్నాయట. కానీ రెండుసార్లు చీలే ఆకు మా జీలుగులకే ఉంది. మట్ట నుంచి రెమ్మలు, రెమ్మల నుంచి చేప తోకల్లాంటి ఆకులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో తీరం దాటినప్పుడు ఆ చీలికల్లోంచే గాలి సాగిపోయింది. నార నిండిన మాను వంగింది, విరగలేదు.

టేకులా ఏటా ఓ పొర వేసుకుని లావెక్కడం నాకు చేతకాదు. మొదట్లో కుదిరిన లావే జన్మంతా ఉంటుంది, ఆపైన ఎత్తు పెరగడమే. మాను అడుగున ఉన్న కణాలు నా చిన్ననాటివి, ఇప్పటికీ బతికే ఉన్నాయి. గాయమైతే కప్పేసే కొత్త పొర రాదు, ఏ గంటు పడినా అలాగే ఉండిపోతుంది. పెరిగే మొవ్వు ఒక్కటే. అది తెగిందా, కొమ్మా రాదు, చిగురూ రాదు.

పదేళ్లు పైబడి ఒక్క పువ్వైనా పూయకుండా మానులో పిండి దాచుకున్నాను. ఇప్పుడు ఖర్చు పెడుతున్నాను. మొదటి గెల తలదగ్గర వచ్చింది, తర్వాతిది దాని కింద, ఆ తర్వాతిది ఇంకా కింద. ఒక్కో గెల మనిషి ఎత్తును మించి వేలాడుతుంది. ప్రతి ఆడమొగ్గకూ అటూ ఇటూ రెండు మగమొగ్గలు. మగవి ముందే విచ్చి రాలిపోతాయి, ఆడవి తర్వాత తెరుచుకుంటాయి. కొండతేనెటీగలకు అన్నాళ్లూ పండగే. అన్నిటికన్నా కింది గెల పండాక నా ఆయుష్షు చెల్లుతుంది.

గీసేవాడు గెలల కోసమే వస్తాడు. కణుపుల దగ్గర కొమ్మల మొదళ్లు వదిలిన వెదురు గడను నాకు ఆనించి కడతాడు. పొద్దున, సాయంత్రం గెల చివర పలచగా చెక్కి కుండ కడతాడు. దాచుకున్న పిండే తీపి నీరై అందులోకి కారుతుంది. గడ్డు రోజుల్లో మానునే నరికి, లోపలి గుజ్జు దంచి, నీళ్లలో పిసికి వడకట్టి, అడుగున పేరుకున్న పిండితో అంబలి కాచుకున్నవాళ్లు ఈ కొండల్లో ఉన్నారు. గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య మసలిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1945లో అచ్చయిన తన పుస్తకంలో, వాళ్ల బతుకులో మాకున్న చోటు గురించి వివరంగా రాశాడు. ఆకలి తీర్చడం నాకు కష్టం కాదు. దానికే పెరిగాననుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నా దిగులు వేరు. గీసిన గెల కాయ కాయదు. అన్ని గెలలూ గీస్తే నాకు విత్తనమే ఉండదు, మళ్లీ పూసే జన్మా లేదు. పూతకు రాకముందే పిండి కోసం నరికిన చెట్టుదీ అదే గతి. ఎర్రబడిన నా కాయలు మానుపిల్లికి ఇష్టం. తిని, కొండ మీద ఇంకోచోట గింజలు వదిలేస్తుంది. నేలను పట్టి ఉంచే మా వేళ్లు గెడ్డ పొడవునా పాకింది అలాగే. కాయలు లేకపోతే అది ఇటు రాదు.

నాయనా, ఒక్క గెల గీయకుండా వదిలెయ్. కాయలు పండాక కొన్ని ఏరి, వానలకు ముందే గెడ్డ వెంబడి పాతు. చేతికి గుడ్డ చుట్టుకో, గుజ్జులోని సన్నని స్ఫటికాలు చర్మాన్ని గుచ్చి దురద పెట్టిస్తాయి. మొలక నెలల తరబడి రాదు, పాడైపోయిందని తవ్వెయ్యకు. వచ్చాక కలుపనుకుని పీకెయ్యకు. పోడుకు నరికేటప్పుడు ఆ మొక్క చుట్టూ కాస్త చోటు వదులు.