పుట్టినరోజు లేని ముద్ద నందివర్ధనం

ఆత్మకథ చెప్పుకోమంటే ముద్ద నందివర్ధనానికి మొదటి వాక్యంలోనే చిక్కు. ఎప్పుడు పుట్టిందో చెప్పలేదు. విత్తు పగిలి మొలిచింది కాదు తాను. కడియపులంక నర్సరీలో ఒక ముసలి చెట్టుకు కొమ్మ. ఆ ముసలిదీ ఒకప్పుడు ఇంకో చెట్టు కొమ్మే. "అమ్మ ఎక్కడ ఆగిందో, నేనెక్కడ మొదలయ్యానో మీరే తేల్చండి" అంటుంది.

రేక నందివర్ధనానికి ఈ గొడవ లేదు. ఐదు రేకులు ఒకే వైపు మెలి తిరిగిన పువ్వు పూస్తుంది, జంటగా కాయలు కాస్తుంది, అవి పండి విచ్చుకుంటే ఎర్రటి గుజ్జులో గింజలుంటాయి. ముద్దది కాయ కట్టడం అరుదు. దాని వంశం నిలబడాలంటే మనిషి చేతిలో కత్తెర ఉండాల్సిందే.

ఆ కత్తెర వానలు పడ్డాక రావాలని దాని షరతు. లేతదీ బాగా ముదిరిందీ కాని కొమ్మను జానెడు పొడవున, కణుపుకు కాస్త కిందుగా కోయాలి. కోసినచోట కారే పాలను నీళ్ళలో కడిగేసి, కింది ఆకులు తుంచి, ఇసుక కలిపిన మట్టిలో ఒకటి రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడన పెట్టాలి. తర్వాత చేయాల్సింది తడి ఆరకుండా చూడటం, ఓపిక పట్టడం. వేరు పట్టిందా లేదా అని పీకి చూసేవాళ్ళంటే దానికి ఒళ్ళు మంట.

ఆ పాలతో మాత్రం జాగ్రత్త. నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టుకుంటే చలవ అనే మాట మనవైపు ఉంది. పూల సంగతి ఎలా ఉన్నా, పాలు కంట్లో పడితే చలవ కాదు, మంట. గన్నేరు కుటుంబపు బుద్ధి అది. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తనను ఏకంగా గన్నేరు ప్రజాతిలోనే కలిపేశాడని చెట్టు గుర్తు చేస్తుంది. 1819లో అక్కడినుంచి తీసి, 16వ శతాబ్దపు జర్మన్ మూలికా వైద్యుడి పేరున్న టాబెర్నెమొంటానాలో చేర్చారు. వీటన్నిటికంటే ముందే, కొచ్చిలో డచ్చివారి పాలకుడు వాన్ రీడ్ రాయించిన 'హోర్టుస్ మలబారికుస్' రెండో సంపుటంలో, కేరళవాళ్ళు పిలిచే పేరుతోనే తన బొమ్మ అచ్చయింది. చెప్పుకోవడానికి దానికున్న గొప్ప అదొక్కటే, కాబట్టి రెండుసార్లు చెబుతుంది.

సాయంత్రమైతే వాసన చిక్కబడుతుంది. చీకట్లో తిరిగే చిలకపురుగుల్లో గన్నేరు చిలకపురుగుకు పువ్వుకంటే ఆకు ముఖ్యం. గుడ్లు అక్కడే పెడుతుంది. పిల్ల పురుగు ఆకుపచ్చగా బొద్దుగా ఉంటుంది. తల దగ్గర నీలపు కళ్ళలాంటి రెండు మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము. చెట్టు పాలలోని విషం దాన్ని ఏమీ చేయదు. రెండు పురుగులు చాలు, కుండీలోని కొమ్మ బోడి అవుతుంది. మందు కొట్టనక్కర్లేదు, చేత్తో ఏరేస్తే సరిపోతుంది.

ఇప్పుడా ముద్ద నందివర్ధనం హైదరాబాదులో ఒక బాల్కనీలో ఉంది. పూటంతా ఎండ తగిలే మూల, అడుగున చిల్లులున్న పెద్ద కుండీ. దాని అసలు ఫిర్యాదు బోరు నీళ్ళమీద. నీళ్ళలో సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేళ్ళకు అందదు. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఆకలనుకుని ఇంట్లోవాళ్ళు యూరియా వేస్తారు. కావలసింది పశువుల ఎరువు, వీలైతే వాననీరు, మరీ ముదిరితే ఐరన్ చీలేట్. పైమట్టి ఆరకముందే మళ్ళీ నీళ్ళు పోయడం మరో అతి ప్రేమ. వేళ్ళు కుళ్ళేది దానివల్లే.

పువ్వు వచ్చేది కొత్త కొమ్మ చివర. కాబట్టి పూత తగ్గినప్పుడు కొసలు కత్తిరిస్తే ఒక కొమ్మకు రెండు చిగుళ్ళు లేచి పూలు పెరుగుతాయి. కత్తిరించిన ముక్కల్ని చెత్తబుట్టలో పడేయొద్దని, పక్క ఫ్లాటువాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్నారని చెట్టు గుర్తు చేస్తుంది.