అమ్మడం నేర్చాను, కొలవడం నేర్వలేదు

ఇంటర్ అయ్యాక నా ముందు రెండు దారులున్నాయి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇంటర్ చదివినవారికి ఏడాదిపాటు ఇచ్చే విజన్ టెక్నీషియన్ శిక్షణ ఒకటి. మా ఊళ్లోనే ఓ కళ్లద్దాల షాపులో సేల్స్ ఉద్యోగం రెండోది. షాపులో మొదటి నెల నుంచే జీతం, ఖరీదైన ఫ్రేము అమ్మితే కమిషన్. "డాక్టరు చీటీ రాస్తాడు, కంపెనీ అద్దం చేస్తుంది. మధ్యలో నేర్చుకోడానికి ఏముందమ్మా?" అని వాదించి షాపులో చేరాను. అంత తెలివితక్కువ మాట నేను మరొకటి అనలేదు.

ఓ రిటైర్డ్ మాస్టారు మైనస్ ఆరు పవర్ అద్దాలు చేయించుకున్నారు. రెండు కంటిపాపల మధ్య దూరం, అదే పీడీ, కొలవకుండా అంచనాగా రాసి పంపేశాను. తలనొప్పిగా ఉంది బాబూ అని ఆయన తిరిగొస్తే, "నాలుగు రోజులు పెట్టుకోండి మాస్టారూ, అలవాటైపోతుంది" అన్నాను. మళ్లీ వచ్చినప్పుడు మా ఫిట్టర్ బాబాయ్ ఆ జోడును లెన్సోమీటర్ మీద పెట్టి, రెండు అద్దాల సెంటర్లకూ చుక్కలు పెట్టి, స్కేలుతో కొలిచాడు. 5 మిల్లీమీటర్ల తేడా! ఆ పవర్‌కి అది 3 డయాప్టర్ల ప్రిజమ్, అంటే చూపును పక్కకు లాగే ప్రభావం. ఆ భారమంతా మాస్టారి కళ్లు మోశాయి. చీటీలో తప్పు లేదు, అద్దంలో తప్పు లేదు. తప్పంతా నాదే.

అప్పటినుంచి బాబాయ్ పక్కన కూర్చుని నేర్చుకున్నాను. సిలిండర్ పవర్ యాక్సిస్, అంటే దాన్ని అమర్చే కోణం, 10 డిగ్రీలు తప్పితే దాదాపు మూడో వంతు దోషం దిద్దకుండానే మిగిలిపోతుందని, ప్రోగ్రెసివ్ అద్దాలకు ఫ్రేములో కంటిపాప ఎత్తు కూడా కొలవాలని అప్పుడే తెలిసింది. బ్రిటన్‌లో జనరల్ ఆప్టికల్ కౌన్సిల్‌లో నమోదు కాకుండా డిస్పెన్సింగ్ ఆప్టీషియన్‌నని చెప్పుకోవడం నేరం. నన్ను కౌంటర్లో నిలబెట్టేటప్పుడు మాత్రం ఎవరూ ఏ సర్టిఫికెట్టూ అడగలేదు.

జీతం సంగతీ చెప్పాలి. అమ్మకం మాత్రమే వచ్చినన్నాళ్లూ నా రాబడి సీజన్ని బట్టి పెరిగేది, తగ్గేది. కొలత చేతికొచ్చాకే యజమాని నన్ను వదులుకోలేక జీతం పెంచాడు.

ఈ పనిలోకి రావాలనుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. నాలుగేళ్ల ఆప్టోమెట్రీ డిగ్రీ చదవగలిగితే చదవండి. కుదరకపోతే ఏడాది శిక్షణైనా తీసుకోండి. నేరుగా షాపులోనే చేరాల్సి వస్తే, జీతమెంత అని అడిగేముందు పని ఎవరు నేర్పుతారో అడగండి.