లక్ష్యం అడగొద్దు, నీతి చెప్పొద్దు: టీచర్లకూ అమ్మానాన్నలకూ ఎనిమిది తలకిందుల సలహాలు

జూన్‌లో బడి తెరవగానే చాలా చోట్ల రెండు పనులు జరుగుతాయి. పిల్లలందరి చేతా ‘నా లక్ష్యం’ అని ఒక కాగితం మీద రాయిస్తారు. వరండా గోడల మీద వెలిసిపోయిన సూక్తులకు మళ్లీ రంగు వేయిస్తారు. రెండూ మంచి మనసుతో చేసేవే. అయితే దసరా సెలవులు వచ్చేసరికి ఆ కాగితం ఎక్కడుందో రాసినవాడికీ తెలియదు, రాయించినవాళ్లకూ తెలియదు.

ఇక్కడ ఇస్తున్న సలహాలు మొదటిసారి వింటే వితండంగా తోచవచ్చు. ‘లక్ష్యం అడగొద్దట, బహుమతి ఇవ్వొద్దట, సారీ కూడా చెప్పించొద్దట, ఇదేం చోద్యం’ అనిపించవచ్చు. ప్రతిదానికీ కారణం ఉంది. వీటన్నిటి వెనుకా ఉన్న మాట ఒక్కటే: లక్ష్యమైనా నడవడికైనా ప్రకటిస్తే రాదు. పిల్లలు రేపు సాయంత్రం చేయబోయే పనిలోంచి, చుట్టూ ఉన్న పెద్దవాళ్లు నడిచే తీరులోంచి వస్తుంది.

1. ‘పెద్దయ్యాక ఏమవుతావు?’ అని అడగొద్దు

మూడో తరగతి పిల్లకు ఈ ప్రశ్నకు నాలుగైదు జవాబులు తెలుసు. డాక్టర్, ఇంజనీర్, కలెక్టర్, పోలీస్, ఈమధ్య యూట్యూబర్. ఇంటికొచ్చిన చుట్టాలు దేనికి ‘భేష్’ అంటారో పసిగట్టి ఆ జవాబే చెబుతుంది. అది ఆ పిల్ల లక్ష్యం కాదు, మన ముచ్చట. ఆ ముచ్చట పట్టుకునే ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌లో వేస్తాం. పదకొండేళ్ల పిల్లవాడికి ఇంకా తన ఇష్టాలే తెలియవు, అప్పుడే దారి ఖాయమైపోతుంది.

కలలు కనమని చెప్పేటప్పుడు మనమంతా అబ్దుల్ కలాం పేరు ఎత్తుతాం. ఆయన కథలో పిల్లలకు చెప్పని పేజీ ఒకటుంది. కలాం కన్న కల వైమానిక దళంలో పైలట్ కావడం. డెహ్రాడూన్‌లో సెలెక్షన్‌కు వెళితే ఇరవై ఐదు మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. తీసుకున్నది ఎనిమిది మందిని. ఆ కల అక్కడితో ఆగిపోయింది. తర్వాత దొరికిన పనిని శ్రద్ధగా చేసుకుంటూ పోయారు కాబట్టి మనకు తెలిసిన కలాం అయ్యారు. లక్ష్యం మారితే బతుకేమీ పాడైపోదన్న ఆ సంగతి మన పదో తరగతి పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ‘వచ్చే శనివారానికి నీకు ఏం చేయడం రావాలి?’ ఒకడు ఆగకుండా ఒక పేజీ చదవడం అంటాడు. ఒకతి రెండంకెల భాగహారం అంటుంది. ఇంకొకతి చపాతీ గుండ్రంగా ఒత్తడం అంటుంది. ఇవన్నీ సొంత జవాబులు. శనివారం వచ్చేసరికి వచ్చిందో రాలేదో ఎవరికివాళ్లే చూసుకోవచ్చు.

2. లక్ష్యాన్ని చార్టు మీద రాయించి గోడకు అంటించొద్దు

వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ చెప్పే కథ ఒకటుంది. 1953లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో పట్టా తీసుకున్నవాళ్లలో నూటికి ముగ్గురే తమ లక్ష్యాలను కాగితం మీద పెట్టారట. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ముగ్గురి ఆస్తి మిగతా తొంభై ఏడుగురి ఆస్తికంటే ఎక్కువట. ఆ అధ్యయనం అసలు జరగనే లేదు. 1996లో ఒక అమెరికన్ పత్రిక ఆరా తీస్తే యేల్ వాళ్లే అలాంటిదేమీ లేదని చెప్పారు. అయినా ఆ కథ మన స్టేజీల మీద ఇంకా నడుస్తూనే ఉంది.

నిజంగా జరిగిన పరిశోధన వేరే మాట చెబుతుంది. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జర్మనీలో విద్యార్థులకు ఒక పని ఇచ్చారు. క్రిస్మస్ పండగ ఎలా గడిచిందో రెండు రోజుల్లోపు రాసి పంపాలి. కొందరిని ‘రాస్తాను’ అన్న సంకల్పంతో వదిలేశారు. మిగతావాళ్లను ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే అనుకోమన్నారు. సంకల్పంతో సరిపెట్టుకున్నవాళ్లలో దాదాపు మూడోవంతు మందే రాశారు. వేళా చోటూ అనుకున్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది దాకా రాశారు. 1997లో అచ్చయిన పరిశోధన ఇది.

దీన్ని మన ఇంట్లోకి తెచ్చుకుందాం. ఏడో తరగతి పిల్లవాడు స్కెచ్ పెన్నుతో ‘మ్యాథ్స్‌లో ఫస్ట్ రావాలి’ అని రాశాడనుకోండి. ఆ చార్టు పక్కన పెట్టి వాడితో కూర్చోండి. ‘బడినుంచి వచ్చాక ఏం చేస్తావు?’ కాళ్లు కడుక్కుంటాను, ఏదైనా తింటాను. ‘తర్వాత?’ ఫోన్ చూస్తాను. ‘ఫోన్ ఎక్కడుంటుంది?’ ఫ్రిజ్ మీద. అడ్డంకి ఎక్కడుందో తేలిపోయింది. ఇప్పుడు వాడి నోటితోనే ఒక వాక్యం రావాలి: ‘తిన్న ప్లేటు సింకులో పెట్టగానే, ఫోన్ తీసుకోకముందే, భిన్నాల లెక్కలు మూడు చేస్తాను.’ నాలుగు కాదు, పది కాదు, మూడు. ఆ వాక్యంలో వేళ ఉంది, చోటు ఉంది, లెక్క ఉంది. దాన్ని గోడకు అంటించక్కర్లేదు. వాడికి గుర్తుంటే చాలు.

గోడకు వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2009లో గోల్విట్జర్ బృందమే ఇంకొకటి గమనించింది. ‘నేను ఫలానా అవుతాను’ అన్న సంకల్పాన్ని ఇతరులు గుర్తించి మెచ్చుకుంటే, సగం అయిపోయినట్టే అనిపించి దానికోసం పడే కష్టం తగ్గుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో చార్టుకు చప్పట్లు పడ్డాయంటే ఆ పిల్ల అప్పుడే డాక్టరైపోయినట్టు లెక్క.

3. ర్యాంకును లక్ష్యంగా పెట్టొద్దు

పిల్లలకు నిజాయితీ నేర్పాలనుకునే బడి మొట్టమొదట వదులుకోవాల్సింది ఇదే.

గాంధీజీ ఆత్మకథ మొదట్లో ఒక సంఘటన ఉంది. రాజ్‌కోట్ హైస్కూల్లో మొదటి ఏడు. జైల్స్ అనే ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చి స్పెల్లింగ్ పరీక్షకు అయిదు ఇంగ్లిష్ మాటలు రాయమన్నాడు. అందులో ‘కెటిల్’ ఒకటి. మోహన్‌దాస్ తప్పు రాశాడు. అది చూసి పంతులుగారు బూటు కొనతో కాలు తట్టి, పక్కవాడి పలక చూసి రాయమని సైగ చేశారు. పంతులుగారు ఉన్నదే చూసి రాయకుండా కాపలా కాయడానికి అనుకున్న పిల్లవాడికి ఆ సైగ అర్థమే కాలేదు. మిగతావాళ్లందరివీ అన్నీ సరిపోయాయి, ఒక్కడిది తప్పింది. తర్వాత పంతులుగారు ఆ తెలివితక్కువతనాన్ని విప్పిచెప్పబోయినా పిల్లవాడికి ఎక్కలేదు.

ఆ పంతులుగారు చెడ్డమనిషి కాకపోవచ్చు. ఇన్‌స్పెక్టర్ ముందు క్లాసుకు నూటికి నూరు రావాలన్న లక్ష్యం ఆయన చేత ఆ పని చేయించింది. మన దగ్గర ‘నూరు శాతం ఉత్తీర్ణత’ ఫ్లెక్సీ కోసం పరీక్ష హాల్లో ఎవరైనా కళ్లు మూసుకుంటే, జరిగేది అచ్చంగా ఇదే.

లక్ష్యం తప్పినవాళ్లు, అందులోనూ గీతకు కాస్త ఇవతల ఆగినవాళ్లు, తమ లెక్కను పెంచి చెప్పే ప్రమాదం ఎక్కువని 2004లో అమెరికా పరిశోధకులు ప్రయోగం చేసి చూపించారు. అంటే మోసం చేయాలన్న ఆశ చదవని పిల్లలకే పుడుతుందనుకోవడం పొరపాటు. తొంభై మార్కుల దగ్గర ఆగిపోయి ఇంట్లో తొంభై అయిదు చెప్పాల్సిన పిల్లను కూడా అది పీడిస్తుంది. ఆ అయిదు మార్కుల భయం మనం పెట్టిందే.

పిల్లల లక్ష్యం వాళ్ల చేతిలో ఉన్న పని గురించి ఉండాలి. ర్యాంకు పక్కవాడి మార్కుల మీద ఆధారపడుతుంది, రోజుకు మూడు లెక్కలు ఎవరి మీదా ఆధారపడవు.

4. నీతికి మార్కులు వేయొద్దు

అమెరికాలో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు పది వేల మందికి పైగా పిల్లలకు, పరీక్షల్లో, ఆటల్లో, ఇంటిపనిలో మోసం చేసే అవకాశం కల్పించి గమనించారు. 1928లో ఫలితాలు అచ్చువేశారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లే ఇంకోచోట మోసం చేసింది. నీతి తెలియడానికీ నీతిగా నడవడానికీ సంబంధం అంతంతమాత్రమని తేలింది. ఏ క్లాసులో, ఏ టీచర్ దగ్గర ఉన్నారన్నదాన్ని బట్టి కూడా నడవడిక మారింది.

వేమన పద్యాలూ సుమతీ శతకమూ నేర్పాల్సిందే. అవి భాష కోసం, సంస్కారం కోసం. కానీ తడుముకోకుండా అప్పజెప్పినవాడికి నీతి వచ్చేసిందనుకోవద్దు. ‘విలువల విద్య’ గడిలో గ్రేడు వేస్తే ఆ గ్రేడు ఎలా తెచ్చుకోవాలో పిల్లలు నేర్చుకుంటారు, అంతే.

రోజూ ప్రేయర్‌లో చెప్పే ప్రతిజ్ఞ సంగతి చూడండి. దాన్ని 1962లో తెలుగులో రాసినాయన నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. అందులో పెద్దల పట్ల గౌరవం ఉంది, జంతువుల పట్ల దయ ఉంది. చెయ్యి చాచి ఆ మాట చెప్పిన పిల్లవాడే ఇంటర్వెల్లో గేటు దగ్గర కుక్కను రాయి పెట్టి కొడతాడు. వాడికి ఉపన్యాసం వద్దు. ఎండాకాలం గేటు దగ్గర నీళ్ల తొట్టి పెట్టి, రోల్ నంబర్ల వరుసలో రోజుకొకరు నింపాలని నియమం పెట్టండి. తన వంతు రోజున నీళ్లు పోసిన పిల్లవాడికి ఆ కుక్క మీద రాయెత్తడం కష్టమవుతుంది.

5. మంచి పనికి బహుమతి ఇవ్వొద్దు

1973లో మార్క్ లెప్పర్ బృందం బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకుంది. కొందరికి ‘బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి ఇచ్చింది. కొద్దిరోజుల తర్వాత చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. ఇష్టంగా చేసేది కూలిపని అయిపోయింది.

సాయానికీ నిజాయితీకీ ఇదే వర్తిస్తుంది. దొరికిన పెన్ను తెచ్చి ఇచ్చిన పిల్లకు స్టార్ ఇవ్వకండి. ‘ఆ పెన్ను పోగొట్టుకున్న పిల్ల పొద్దుటినుంచి ఏడుస్తోంది, ఇప్పుడు నవ్వుతోంది చూడు’ అని చూపించండి. ఆ నవ్వు తన వల్ల వచ్చిందని తెలిస్తే చాలు.

6. ‘నువ్వు చాలా తెలివైనవాడివి’ అనొద్దు

క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ 1998లో చేసిన ప్రయోగంలో, తెలివిని పొగిడించుకున్న అయిదో తరగతి పిల్లల్లో పదిమందికి నలుగురి దాకా తర్వాతి పరీక్షలో వచ్చిన మార్కులు పెంచి చెప్పారు. కష్టాన్ని మెచ్చుకున్నప్పుడు అలా చెప్పినవాళ్లు బాగా తక్కువ. తెలివైనవాడన్న పేరు కాపాడుకోవడానికి పిల్లలు అబద్ధమాడతారు. ‘రెండోసారి వేరే పద్ధతిలో చేశావే, అది బాగుంది’ అనండి. పొగడ్త పని మీద ఉండాలి.

7. ఓపిక గురించి పాఠం చెప్పొద్దు, మీ మాట నిలబెట్టుకోండి

ఇప్పుడే తినకుండా ఆగితే ఇంకో మార్ష్‌మాలో (మెత్తటి మిఠాయి) ఇస్తామని చెప్పి పిల్లల నిగ్రహాన్ని చూసే పరీక్ష గురించి చాలామంది విన్నారు. 2013లో రోచెస్టర్ యూనివర్సిటీలో దానికి ముందు ఇంకో అంకం చేర్చారు. ఇరవై ఎనిమిది మంది పిల్లలకు అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, ‘ఆగితే మంచివి తెస్తాను’ అన్నారు. సగం మందికి తెచ్చారు. మిగతా సగం మందికి వట్టి చేతులతో వచ్చి ‘లేవు’ అన్నారు. స్టిక్కర్ల విషయంలోనూ అలాగే చేశారు. ఆ తర్వాత మార్ష్‌మాలో పెట్టారు. మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి ముందు పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పినవాళ్ల ముందు మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాల పిల్లలకు నిగ్రహం లేదని ఎవరైనా అనగలరా? పెద్దవాళ్ల మాట నమ్మితే నష్టమని వాళ్లు సరిగ్గానే నేర్చుకున్నారు. ‘సిలబస్ అయితే శుక్రవారం గ్రౌండ్‌కు తీసుకెళ్తా’ అన్న టీచర్ ఆ పీరియడ్‌లో డిక్టేషన్ చెబితే, ‘ఫస్ట్ వస్తే సైకిల్ కొంటా’ అన్న నాన్న ‘వచ్చే ఏడాది చూద్దాం’ అంటే, ఆ పిల్లలు రేపటి కోసం ఈరోజు ఎందుకు ఆగాలి? చేయగలిగిందే చెప్పండి. చెప్పింది చేయండి. చేయలేకపోతే కారణం పిల్లల ముందే చెప్పి, ఇంకో రోజు ఖాయం చేయండి.

8. తప్పు చేసిన పిల్లచేత ‘సారీ’ చెప్పించొద్దు

మన క్లాసుల్లో ‘సారీ టీచర్’ అంటే తప్పు మాఫీ. నీళ్ల బాటిల్ పగలగొట్టిన పిల్ల ఆ మాట అనేసి కూర్చుంటుంది. పగిలిన బాటిల్ అలాగే ఉంటుంది.

‘రైలుబడి’గా తెలుగువాళ్లకు తెలిసిన టొటోచాన్ కథలో ఆ చిన్నపిల్ల తన పర్సు మరుగుదొడ్డి గోతిలో పడేసుకుంటుంది. పెద్ద గరిటె తెచ్చి గోతిలోదంతా తోడి బయట కుప్పపోస్తుంటుంది. అటుగా వచ్చిన హెడ్‌మాస్టర్ కొబయాషి ఏం చేస్తున్నావని అడుగుతారు. తిట్టరు, ఆపరు, సాయం కూడా చేయరు. పనయ్యాక అదంతా మళ్లీ లోపల వేస్తావు కదా అని మాత్రం అడిగి వెళ్లిపోతారు. పర్సు దొరకదు. టొటోచాన్ కుప్పంతా తిరిగి గోతిలో వేసేస్తుంది. పిల్లను నమ్మడమూ, చేసిన పనికి బాధ్యత అప్పజెప్పడమూ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి.

మనమూ అలాంటి ప్రశ్నే అడగాలి: ‘దీన్ని ఎలా సరిచేస్తావు?’ చించిన నోట్సు మళ్లీ రాసివ్వడం, ఏడిపించిన పిల్లను ఆటలో కలుపుకోవడం, పాడుచేసిన బెంచీ తుడవడం, ఏదైనా సరే, ఉపాయం పిల్లదే కావాలి. మనం చూడాల్సింది పూర్తి చేసిందా లేదా అన్నదే.

ఈ ఎనిమిదీ ఒక్కసారి మొదలుపెట్టక్కర్లేదు. రేపు క్లాసుకు వెళ్లినప్పుడు, లేదా రాత్రి అన్నాలు తినేటప్పుడు, పిల్లలకు మీరు తప్పకుండా నిలబెట్టుకోగల చిన్న మాట ఒకటి ఇవ్వండి. దాన్ని ఏ రోజు, ఏ వేళకు చేస్తారో చెప్పండి. చెప్పిన వేళకు చేసి చూపించండి. అది జరిగాకే వాళ్ల లక్ష్యాల గురించి అడగండి.