రెండు తావుల ఉండాది

అనంతపురంలో డీటీపీ సెంటరు పెట్టారా? అయితే బ్యాకప్ ఇలా చేయండి. ముందు ఒకే హార్డ్ డిస్కును సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు ముక్కలు చేయించండి. నాలుగూ ఒకే సైజు ఉండాలి, ఏది ఏదో తర్వాత గుర్తుపట్టకుండా. సిలో విండోస్, డిలో పెళ్లికార్డులు, ఇలో సినిమాలు. ఎఫ్‌కు 'బ్యాకప్' అని పేరు పెట్టి, డిలోని ఫోల్డర్లన్నీ అందులోకి కాపీ కొట్టండి.

"డిస్కే పోతే?" అని ఎవరైనా అడిగితే "ఏం కాదులేన్నా, రెండు తావుల ఉండాది" అనండి. ఇంకా వాదిస్తే మన రైతును చూపించండి. దేశంలో జైసల్మేరు తర్వాత అంత తక్కువ వాన పడేది ఇక్కడేనని చెప్పుకునే నేల మీద, ఎండిన బోరు పక్కనే ఇంకో బోరు దింపుతాడు. రాతి పగుళ్లలో ఉన్న ఆ కాసిన్ని నీళ్లు రెండిటికీ ఒకటే. అయినా బోర్ల మధ్య దూరం పాటించమనడానికి 2002లో వాల్టా చట్టమన్నా వచ్చింది. డ్రైవులకు అదీ లేదు. మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే చోట అని లోకమంతా చెప్పే సూత్రం ఒకటుంది. ఆ వేరే చోటు ధర్మవరంలో బావమరిది ఇల్లు కావచ్చు. కానీ 2022 నుంచి అది వేరే జిల్లా. అంత దూరం ఎవరు పోతారు? ఎక్స్‌టర్నల్ డ్రైవు కొన్నా సరే, దాన్ని కంప్యూటరు నుంచి ఎప్పుడూ పీకకండి. రాన్‌సమ్‌వేర్ వస్తే దాన్నీ కలిపి తాళం వేసుకుపోతుంది, మళ్లీ రానక్కర్లేదు.

విండోస్‌కు ఇమేజ్ తీసేటప్పుడు సి ఒక్కటే ఎంచుకోండి. పక్కన అక్షరం కూడా లేని 100 ఎంబీ పార్టిషనొకటి కనబడుతుంది. వదిలేయండి. విండోస్‌ను నిద్రలేపేది అదేనని కొత్త డిస్కు మీద రీస్టోర్ చేసిననాడు తెలుస్తుంది. అను ఫాంట్లనూ దాచకండి. అవి యూనికోడ్ కావు కాబట్టి ఫైలు భద్రంగానే తెరుచుకుంటుంది, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరుసగా దర్శనమిస్తుంది.

రీస్టోర్ అవుతుందో లేదో ఆషాఢంలో, గిరాకీ లేనప్పుడు సరిచూసుకోవచ్చు. తొందరేముంది? శ్రావణంలో ముహూర్తాలు ముంచుకొచ్చాక, జనం నెత్తిమీద నిలబడ్డాక మొదలుపెట్టండి. రికవరీ పెన్‌డ్రైవుతో లేపితే డ్రైవుల అక్షరాలు తారుమారు కావచ్చు. నిన్నటి డి ఇవాళ సి అనిపించుకుంటుంది. సైజు చూసి పోల్చుకుందామంటే నాలుగూ సమానమే. "ఇందులోని డేటా అంతా పోతుంది, సరేనా?" అని అడుగుతుంది. పాపం, మర్యాదగా అడిగింది కదా, సరే అనండి.

ఇక పోయిన ఏడాది పెద్దకూతురి కార్డు మీ దగ్గరే కొట్టించుకున్న పెద్దాయన, చిన్నకూతురికీ అదే డిజైన్ కావాలని వస్తాడు. కుర్చీ వేసి, టీ చెప్పి అడగండి: "పాత కార్డు ఇంట్లో ఒగటన్నా ఉంటే తీసుకురాన్నా, చూసి టైపు చేసుకుంటాం."