రేటు తగ్గింది, బిల్లు పెరిగింది

మా రోజుల్లో సరుకులు తెచ్చుకోవాలంటే ఓ సంచీ, ఓ చీటీ ఉంటే చాలు. ఇప్పుడు పెద్ద స్టోరుకు వెళ్ళాలంటే కారు కావాలి, దానికి పార్కింగు కావాలి, కౌంటరు దగ్గర ఫోన్ నంబరు చెప్పాలి. లోపలికి వెళ్ళేటప్పుడు మన సంచీ గుమ్మంలో పెట్టించుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు వాళ్ళ సంచీ మనకు అమ్ముతారు. పైగా డబ్బు కట్టి పది అడుగులు వేశామో లేదో, గుమ్మం దగ్గర మరొకాయన బిల్లు లాక్కుని చిల్లు పెడతాడు. సొమ్ము మనది, అనుమానం వాళ్ళది!

బెజవాడ వన్‌టౌనులో మేం సరుకులు తెచ్చుకునే శెట్టిగారి పచారీ కొట్టు ఉండేది. ఒకటో తారీఖు దాటగానే మా అమ్మ చీటీ రాసిచ్చేది. శెట్టిగారు దాన్ని పైనుంచి కిందికి చదివి, "అమ్మగారు ఈసారి ఇంగువ రాయలేదేం బాబూ? ఇంట్లో ఉందేమో కనుక్కునిరా" అనేవారు. మాకు తెలిసిన అడ్వర్టైజుమెంటు అదొక్కటే. కందిపప్పు గుప్పెడు తీసి అరచేతిలో పోసేవారు, నలిపి చూసుకోమని. కాటా సమానమయ్యాక ఇంకో చారెడు కొసరు పడేది. పాత పేపరులో పొట్లం కట్టి, పైనుంచి వేలాడే పురికొస లాగి, రెండు చుట్లు తిప్పి పుటుక్కున తెంపేవారు. డబ్బులు తక్కువైతే పద్దు రాసుకునేవారు. వడ్డీ లేదు, వాయిదా లేదు, ఆధార్ కార్డు అసలే లేదు.

అన్నీ సత్యహరిశ్చంద్రుడి కొట్లేనని నేననను. తక్కెడ సిబ్బె కింద చింతపండు అంటించిన ఘనులనూ చూశాం. నూనెలో కల్తీ ఉండేది. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవనూనె తిని జనం చచ్చిపోతేనే కదా, వంటనూనెలు ప్యాక్ చేసే అమ్మాలని కేంద్రం ఆర్డరు తెచ్చింది! ప్యాకెట్టు రావడం మంచిదే. నా గొడవ ప్యాకెట్టుతో కాదు, దాని మీది లెక్కతో.

సబ్బులు, బట్టల పొడులు, బిస్కెట్లు పెద్ద స్టోరులో చవకే. వాళ్ళు కంపెనీ దగ్గర లారీల లెక్కన కొంటారు. వీధి చివరి కొట్టాయన డిస్ట్రిబ్యూటరు దగ్గర ఓ అట్టపెట్టె కొంటాడు. వాళ్ళు తగ్గించినంత ఈయన ఎక్కణ్ణుంచి తగ్గిస్తాడు? ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని పెట్టిన హద్దు. ఇప్పుడది అడ్డంగా గీత కొట్టి, కింద పెద్దక్షరాల్లో 'తగ్గింపు' అని రాసుకోవడానికే పనికొస్తోంది.

పప్పులు, బియ్యం దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబులు వేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ పడింది. విడిగా తూచి ఇస్తే పన్ను లేదు. ఆ పన్ను 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగులకే అన్నారు కనుక, మన మిల్లర్లు ఎంచక్కా 26 కిలోల బస్తా తయారు చేశారు. అందుకే కందిపప్పులాంటివి విడిగా తూచే కొట్టులో అడిగి చూడండి. చాలాసార్లు స్టోరుకు దీటుగానే ఉంటాయి. పైగా ఇది తాండూరు కందా, ఇంకెక్కడిదా అంటే కొట్టాయన చెబుతాడు. స్టోరులో పిల్లాణ్ణి అడిగితే బార్‌కోడ్ చూపిస్తాడు.

ఇక నూనె సంగతి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే సరిగ్గా అదే ఎత్తు, అదే వెడల్పు ఉన్న ఇంకో ప్యాకెట్టు ఉంటుంది. మూల మీద చీమ తలకాయంత అక్షరాల్లో 850 గ్రాములని ఉంటుంది. మొదటిది 150 రూపాయలు, రెండోది 143 అనుకోండి. మనం ఏడు రూపాయలు మిగిలాయని రెండోది బుట్టలో వేస్తాం. లెక్క కట్టండి: మొదటిది వంద గ్రాములు 16 రూపాయల 48 పైసలు, రెండోది 16 రూపాయల 82 పైసలు. చవక అనుకున్నదే ఖరీదు! నూనె, టీపొడి, బిస్కెట్లలాంటివి ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలన్న కట్టుబాటు ఒకప్పుడు ఉండేది. 2022లో దాన్ని ఎత్తేసి, దాని బదులు గ్రాముకో కిలోకో ఎంతో అచ్చువేయమన్నారు. వేస్తున్నారు. చదవడానికి భూతద్దం మనమే పట్టుకెళ్ళాలి.

ఇదంతా ఒక ఎత్తు, ట్రాలీ ఒక్కటీ ఒక ఎత్తు. మనకు కావలసిన బియ్యం, పప్పు ఎప్పుడూ ఆ చివరెక్కడో ఉంటాయి. అక్కడికి చేరేలోపు ప్లాస్టిక్ డబ్బాలు, దుప్పట్లు, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నవన్నీ దాటాలి. కౌంటరు దగ్గర చాక్లెట్లు సరిగ్గా మా మనవడి చేతికందే ఎత్తులో పేరుస్తారు. మొన్న ఇంటికొచ్చాక కోడలు బిల్లు చూపించి, "మావయ్యగారూ, 612 రూపాయలు ఆదా అయింది, ఇదిగో కింద వేశారు చూడండి" అంది. "సంతోషం తల్లీ, ఆ 612 ఎక్కడున్నాయి?" అన్నాను. సమాధానంగా ఓ పాప్‌కార్న్ ప్యాకెట్టు, రెండు టిఫిన్ డబ్బాలు సంచీలోంచి బయటికొచ్చాయి.

అప్పట్లో సరుకు బల్లకు అవతల ఉండేది, మన చెయ్యి ఇవతల. మధ్యలో చీటీ. శెట్టిగారి రేటు రూపాయి ఎక్కువైనా, చీటీలో లేనిది ఇంటికి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ బల్ల తీసేశారు. ఆదా చేశామని చూపించే పైకమంతా ఆ బల్ల తీసేసిన చోటే తిరిగి రాబట్టుకుంటున్నారు.

సబ్బులు స్టోరులో కొనండి, పప్పులు కొట్టులో తూయించండి, ఎక్కడికెళ్ళినా చీటీతో వెళ్ళండి. చీటీలో లేనిది ఎంత చవకైనా దండగే. ఈ మాట ఇంట్లో చెబితే, "మీరు ట్రాలీ తోయండి చాలు" అంటున్నారు. తోస్తున్నాను.